స్పైనా బైఫిడా : నడివయసులో నడక

మాతృగర్భంలో శిశువు రూపుదిద్దుకునే తొలి నాలుగు వారాలలోనే వెన్నుపాముకు మూలమైన నాడీనాళం పూర్తిగా మూసుకోవాలి. వెన్ను భాగంలో అది ఎక్కడైనా మూసుకోకపోతే అక్కడి వెన్నుపూసలు కూడా కలియక, శిశువు వీపున లోపంతో జన్మిస్తుంది. ఈ లోపమే స్పైనా బైఫిడా. దీని తీవ్ర రూపంలో లోపమున్న చోటికి దిగువనున్న కండరాలకు బలం, చర్మానికి స్పర్శ తగ్గుతాయి. పలువురికి తలలో నీరు కూడా చేరుతుంది.

పూర్వం ఇట్టి శిశువులలో అనేకులు పసితనంలోనే మరణించేవారు. తలలో చేరిన నీటిని మళ్ళించే షంట్ అనే సన్నని గొట్టం 1950 దశకంలో మెరుగుపడటం, శస్త్రచికిత్స, యాంటీబయాటిక్ ఔషధాలు అభివృద్ధి చెందడం ఈ పరిస్థితిని మార్చివేశాయి. ఆ తరువాతి దశకాలలో బతికి బట్టకట్టిన శిశువులు నేడు నడివయసుకు చేరారు, కొందరు దానిని దాటారు. బాల్యంలో శ్రమించి నేర్చిన నడక కడవరకు నిలుస్తుందా అన్నది వారి ముందున్న ప్రశ్న.

నడక ప్రధానంగా లోపమున్న స్థానాన్ని బట్టి ఉంటుంది. వెన్ను చివరి భాగమైన త్రికం వద్ద లోపమున్నవారిలో అధికులు నడవగలరు. నడుము పూసల వద్ద అయితే మోకాలిని చాచే తొడ కండరాల బలమే కీలకం. వీరికి సాధారణంగా కాలిపర్లు, ఊతకర్రలు కావాలి. ఛాతీ పూసల వద్ద లోపమున్నవారికి చక్రాల కుర్చీయే ముఖ్య సాధనం. 1973లో హాఫర్, ఆయన సహచరులు నడకను నాలుగు తరగతులుగా విభజించారు. ఇంటా బయటా నడిచేవారు, ఇంట మాత్రమే నడిచేవారు, చికిత్సలో భాగంగా మాత్రమే నడిచేవారు, నడవలేనివారు. వయసుతో ఒకరు ఒక తరగతి నుండి మరొక తరగతికి మారవచ్చు.

దీనికి కారణాలు అనేకం. బలహీనమైన కండరాలతో నడిచే వ్యక్తి అదే దూరానికి ఇతరులకంటె ఎక్కువ శక్తిని వెచ్చించాలి. శరీరం బరువెక్కినకొద్దీ ఈ భారం పెరుగుతుంది. కీళ్ళు అరుగుతాయి, వెన్ను వంకర తిరగవచ్చు, ఊతకర్రల వాడకంతో భుజాలు నొప్పిపెడతాయి. పాదాలకు స్పర్శ లేనందున పుండు పడినా తెలియదు.

అయితే ప్రతి క్షీణతనూ వయసు ఖాతాలో వేయరాదు. వెన్నుపాము కింది కొస మచ్చకు అతుక్కొని సాగిపోతే కాళ్ళ బలం తగ్గుతుంది, నడుము నొప్పి పుడుతుంది, మూత్రంపై అదుపు మారుతుంది. షంట్ పనిచేయకపోయినా నడక చెడవచ్చు. ఇవి చికిత్సకు లొంగే కారణాలు. అతుకును శస్త్రచికిత్సతో విడదీస్తే చాలామందిలో మరింత నష్టం ఆగుతుంది. కాని పోయిన బలమంతా తిరిగి వస్తుందనే హామీ లేదు. కనుక కొత్తగా ఏ మార్పు కనిపించినా జాప్యం చేయక వైద్యుని సంప్రదించాలి.

చక్రాల కుర్చీని స్వీకరించడం ఓటమి కాదు. ఇంట కాలిపర్లతో నడిచే ఉద్యోగి కార్యాలయానికి కుర్చీలో వెళితే, నడకకు ఖర్చయ్యే శక్తి పనికి మిగులుతుంది. అయితే ఆ కార్యాలయపు గుమ్మం వద్ద మెట్లే ఉండి వాలుదారి లేకపోతే ఆ కుర్చీ వీధిలోనే ఆగిపోతుంది. ప్రజా భవనాలు, రవాణా సాధనాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దేశించింది. కండరాల బలాన్ని కాపాడటం వైద్యుని వంతు. దారిని సుగమం చేయడం మాత్రం సమాజం వంతు.