పెరటి వెదురు

వెదురు చెట్టు కాదు, గడ్డిజాతి మొక్క. శీతల దేశాల తోటలలో పెంచే కొన్ని జాతులు భూమిలోపల దూరందాకా పాకి పొరుగువారి హద్దులు దాటుతాయి. మన ఆదిలాబాదు అడవులలోని సాధన వెదురు అట్లా కాదు. నాటిన చోటనే పొదగా పెరుగుతుంది. అయితే భైంసా నల్లరేగడిలో వాననీరు నిలిచిందా, దుంప కుళ్లుతుంది. కనుక మట్టిని ఎత్తుగా పోసి తొలకరిలో నాటవలెను.

వానలకు మొలిచిన కొమ్ము కొన్ని నెలలలోనే పూర్తి ఎత్తు అందుకుంటుంది. ఆ పిమ్మట బొంగు గట్టిపడుతుందే గాని లావెక్కదు. ఏటేటా లావవుతుందని ఎదురుచూసేవారు లేకపోలేదు! మూడేండ్లు నిండిన బొంగులను పొద నడుమనుండి నరికి, లేతవాటిని విడిచిపెట్టవలెను; మరుసటి ఏటి కొమ్ములకు ఆధారం అవే. అసలే నరకకుంటే పొద చిక్కుపడి లోలోపల ఎండుతుంది.

1942లో ఉత్పత్తి ఆరంభించిన కాగజ్‌నగర్ కాగితపు మిల్లుకూ, తట్టలు చేటలు అల్లే మేదరులకూ ఈ అడవుల వెదురే ఆధారమైనది. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కించినందున సొంత పొలంలో పెంచినవారికి సైతం అనుమతుల బెడద ఉండేది. 2017లో జరిగిన సవరణతో అడవి వెలుపలి వెదురు ఆ నిర్వచనంనుండి తొలగింది. మన కళాశాల కమిటీవారు ప్రహరీ వెంబడి ఒక వరుస నాటించినచో, నాలుగైదేండ్లలో ఇక్కడి మేదరులకు మనమే బొంగులు ఇవ్వగలము.