ముక్కు మందు: మూడు రోజుల మిత్రుడు

విండ్సర్ పరిసరాలలో స్థిరపడిన తెలుగువారిలో కొందరికి ఏటా ఆగస్టు మాసం సగం గడిచేసరికి తుమ్ములు, ముక్కుదిబ్బడ, కళ్ల దురద ఆరంభమవుతాయి. శరదృతువులో గట్టి మంచు పడేవరకు ఇవి వదలవు. దీనిని జలుబుగా భావించడం పరిపాటి. చాలా సందర్భాలలో ఇది దక్షిణ ఒంటారియోలో విరివిగా పెరిగే రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి వల్ల కలిగే ఎలర్జీ. మన పొలంగట్ల మీద కనిపించే వయ్యారిభామ కూడా ఈ మొక్క కుటుంబానికి చెందినదే. కొత్తగా వచ్చినవారికి తొలి ఏడాదే ఈ బాధ కలగకపోవచ్చు. శరీరం ఆ పుప్పొడిని శత్రువుగా గుర్తించడానికి కొన్ని ఋతువులు పట్టవచ్చు.

ముక్కు లోపలి పొరలో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. పుప్పొడి తగిలినప్పుడు హిస్టమిన్ మొదలైన రసాయనాలు వెలువడి, ఆ నాళాలు ఉబ్బి, గాలి దారి ఇరుకవుతుంది. అనగా దిబ్బడకు ముఖ్యకారణం చీమిడి కాదు, వాపు.

ఇండియాలోనూ కెనడాలోనూ ఓట్రివిన్ పేరుతో లభించే జైలోమెటజోలిన్, మనవారికి నాసివియాన్‌గా పరిచితమైన ఆక్సీమెటజోలిన్ ఈ నాళాలను బిగిస్తాయి. కొద్ది నిమిషాలలోనే ముక్కు తెరుచుకుంటుంది. ఇంత సుఖాన్నిచ్చే మందును వదలబుద్ధి కాదు. చిక్కంతా అక్కడే ఉంది. రోజుల తరబడి వాడితే నాళాలు మందుకు స్పందించడం తగ్గుతుంది. మందు ప్రభావం తీరగానే మునుపటికంటె ఎక్కువగా ఉబ్బుతాయి. దిబ్బడ పోవడానికి మందు, మందు వల్ల మళ్లీ దిబ్బడ! అందుచేత మూడు రోజులకు మించి వాడరాదు. ఇప్పటికే అలవాటుపడినవారు వైద్యుని సలహాతో మానుకోవాలి. మానిన తొలి రోజులలో బాధ పెరిగినా, క్రమంగా తగ్గుతుంది.

వారాల తరబడి సాగే ఎలర్జీకి తగినవి ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు. ఇవి నాళాలను బిగించవు. వాపుకు మూలమైన ప్రక్రియనే అణచివేస్తాయి. పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, రోజూ క్రమం తప్పక వాడాలి. స్టెరాయిడ్ అనగానే భయపడనవసరం లేదు. ముక్కులో కొట్టిన ఫ్లూటికాసోన్‌లో రక్తంలోకి చేరేది నూటికి రెండు పాళ్లకు లోపే. అయినా పిల్లలకు వైద్యుని పర్యవేక్షణ అవసరం. వాడేటప్పుడు తల కొంచెం ముందుకు వంచి, కుడిచేతితో ఎడమ ముక్కులోకి, ఎడమచేతితో కుడి ముక్కులోకి కొట్టుకోవాలి. అప్పుడు మందు మధ్యగోడకు తగలక ప్రక్కకు పడుతుంది. ముక్కునుండి రక్తం కారే అవకాశం తగ్గుతుంది.

మరి రెండు హెచ్చరికలు. స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులకు రక్తపోటు ఉన్నట్లయితే, సూడోఎఫెడ్రిన్ కలిసిన జలుబు మాత్రలను ఫార్మసిస్టును అడగకుండా ఇవ్వరాదు. ఆ మందు ముక్కులోనే గాక శరీరమంతటా నాళాలను బిగిస్తుంది. ఇక రెండవది: నాళాలను బిగించే స్ప్రే సీసాను పసిపిల్లలకు అందనీయరాదు. ఆ ద్రవాన్ని కొద్దిగా మింగినా మగత, గుండె నెమ్మదించడం వంటి ప్రమాదాలు కలుగుతాయని 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

ఒకే అలమరలో ఒకే ఆకారంలో ఉన్నా ఈ రెండు సీసాల గుణం వేరు. ఒకటి మూడు రోజుల మిత్రుడు, రెండవది ఋతువంతా తోడుండేది. సీసా మీద ఉన్న మందు పేరు చదివి తెలుసుకోవడమే చికిత్సకు తొలి మెట్టు.