మా యింటి విమానం ఎగిరిందిలా

ఆ విమానం గాలిలో ఉన్నది పట్టుమని పదిహేను సెకన్లు. మా అబ్బాయి రెండేళ్లపాటు దాచుకున్న డబ్బుకు మేము మరికొంత కలిపి కొనిపెట్టిన రేడియో కంట్రోల్ విమానమది. ఊరి చివరి ఖాళీ స్థలంలో రివ్వున పైకి లేచింది, ఎడమకు ఒరిగింది, మా తలల మీదుగా వెనక్కు తిరిగింది. పక్క చేలో కొందరు ఆడవాళ్లు మినుము పీకుతున్నారు. విమానం నేరుగా వారి వైపే దూసుకుపోయి, ఒక పెద్దామెకు పది అడుగుల దూరంలో నేలకు గుద్దుకొని ముక్కలైపోయింది.

“ఏంది బాబూ యిది? నెత్తిన పడితే నా గతేం గాను?” అని ఆమె అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మా యింట్లో ఎవరికీ అన్నం సహించలేదు. విమానం పోయినందుకే అబ్బాయి ఏడుస్తున్నాడని మేమనుకున్నాము. “ఆ మామ్మకు తగిలుంటే ఏమయ్యేది నాన్నా?” అని వాడు అడిగినప్పుడు గాని వాడి దుఃఖం దేనికో మాకు అర్థం కాలేదు. ముక్కలన్నీ అట్టపెట్టెలో వేసి అటక ఎక్కించి, ఈ సరదాకు స్వస్తి చెప్పాలా? లేక దీన్ని పద్ధతిగా నేర్చుకోవాలా? ఆ రాత్రి చాలాసేపు మేమిద్దరం మాట్లాడుకున్నాము. మరునాడు ముందుగా వాణ్ణి వెంటబెట్టుకొని ఆ పెద్దామె యింటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాము. ఆ తర్వాతే, ఈ విద్య తెలిసినవారి కోసం వెదకడం మొదలుపెట్టాము.

బహుశా మీ పిల్లలు కూడా యిలాంటి విమానం కావాలని అడుగుతుండవచ్చు. అలాగైతే, మేము చేసిన పొరపాట్లు, తర్వాత నేర్చుకున్న సంగతులు మీకు ఉపయోగపడగలవు.

మాస్టారి మొదటి ప్రశ్న

మా పక్క ఊళ్లో ఒక రిటైరైన ఫిజిక్స్ లెక్చరరుగారు ఉన్నారు. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ క్యాడెట్లకు విమానాల నమూనాలు చేయడం ఆయన చాలా ఏళ్లు నేర్పారు. ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ కూడా ఒక భాగమనీ, అందులో పోటీలు జరుగుతాయనీ మాకు ఆయన వల్లే తెలిసింది.

మేము తీసుకెళ్లిన అట్టపెట్టెను మాస్టారు తెరవనేలేదు. “ఎక్కడ ఎగరేశారు? ఎన్ని గంటలకు?” అని అడిగారు. చెప్పాము. మా తప్పులను ఆయన ఒక్కొక్కటిగా వేళ్లమీద లెక్కపెట్టారు. స్థలం చిన్నది, పక్కనే మనుషులున్నారు. మధ్యాహ్నం మూడింటికి గాలి బలంగా వీస్తుంది. చూడ్డానికి బాగుందని మేము ఎంచుకున్నది యుద్ధవిమానంలాంటి వేగమైన విమానం. బ్యాటరీని వెనక్కు జరిపి అమర్చడంతో తోక బరువెక్కింది. అన్నిటికంటే పెద్ద తప్పు, ఎగరేయడం తెలిసినవాళ్లు ఒక్కరూ పక్కన లేరు.

“మళ్లీ ఎప్పుడు ఎగరేద్దాం సార్?” అని మా వాడు ఆత్రంగా అడిగాడు.

“తొందరేముంది నాయనా? ఆకాశం ఎక్కడికీ పోదు. ముందు ఒకటి నీ చేత్తో కట్టు” అన్నారాయన.

కవల సోదరుల విమానం

ఈ విద్యకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ పట్టణంలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో రేడియోతో నడిచే నమూనా విమానాన్ని ఎగురవేశారు. విమానం వాల్టర్ కట్టాడు, రేడియో విలియం చేశాడు. వారు దానికి ‘గఫ్’ అని పేరుపెట్టారు. ఆ మరుసటి సంవత్సరం అది అమెరికా జాతీయ పోటీలో గెలిచింది. ఆ విమానం స్మిత్సోనియన్ సంస్థవారి జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియానికి చేరింది.

ఈ కథ విన్న తర్వాత మా పిల్లలు కూడా పని పంచుకున్నారు. అక్క చేతివాటం కుదురైనది గనుక కొలతలు, కోతలు ఆ అమ్మాయికి అప్పగించాము. మోటారు, వైర్లు తమ్ముడి వంతు అయ్యాయి. మాస్టారి గీతల ప్రకారం రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక గంట చొప్పున ఆ పని మూడు వారాలు సాగింది. ఆ గంటసేపు టీవీ ఆపివేసేవాళ్లం.

మొదటి విమానం ఎలా ఉండాలి?

నేర్చుకునేవారి విమానం నెమ్మదిగా ఎగరాలి, తప్పు చేస్తే తనంతట తాను సర్దుకోవాలి. అందుకే రెక్క విమానపు ఒంటికి పైన ఉండాలి. రెక్కల కొసలు, కొద్దిగా పైకెత్తిన చేతుల్లాగా, పైకి లేచి ఉండాలి. అప్పుడు విమానం ఒక పక్కకు ఒరిగినా తిరిగి నిలదొక్కుకుంటుంది. మాది మూడున్నర అడుగుల రెక్క గలది. మోటారు వేగానికి ఒకటి, తోక మీది అడ్డపలకకు ఒకటి, నిలువుపలకకు ఒకటి, మొత్తం మూడు కంట్రోళ్లు. అడ్డపలకను ఎలివేటరు అనీ, నిలువుపలకను రడ్డరు అనీ అంటారు.

ఒకప్పుడు యిలాంటి విమానాలను ఎక్కువగా బాల్సా చెక్కతో కట్టేవారు. దక్షిణ అమెరికాలో పెరిగే ఆ చెట్టు కలప చాలా తేలిక. యిప్పటికీ అది దొరుకుతుంది. కాని మొదటిసారి కట్టేవారికి ఫోమ్ బోర్డు చౌక, అతుకు వేయడం కూడా సులువు. మేము నేర్చుకున్న ఒక చిన్న సంగతి: థర్మాకోల్‌కు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు వాడవచ్చు. చెప్పులకు వాడే ఘాటైన జిగురు రాస్తే మాత్రం థర్మాకోల్ కరిగిపోతుంది. రెక్కను ఒంటికి అతికించకండి, రబ్బరు బ్యాండ్లతో కట్టండి. విమానం పడినప్పుడు రెక్క ఊడి వస్తుందే గాని తేలిగ్గా విరగదు.

లోపలి పరికరాలు కొన్నే. చేతిలో ట్రాన్స్‌మిటరు, విమానంలో రిసీవరు, తోక పలకలను కదిపే రెండు చిన్న సర్వోలు, మోటారు, దాని వేగాన్ని అదుపుచేసే కంట్రోలరు, బ్యాటరీ. వెనకటి రేడియో సెట్లతో ఒకే ఛానల్‌పై యిద్దరు స్విచ్ వేస్తే విమానం అదుపు తప్పి కూలే ప్రమాదముండేది. నేడు వాడే 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో రిసీవరు తనకు జత చేసిన ట్రాన్స్‌మిటరు మాటే వింటుంది.

అన్నీ అమర్చిన తర్వాత తూకం చూడాలి. రెక్క ముందంచు నుండి వెనకంచు వరకు ఉన్న వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య గుర్తు పెట్టి, అక్కడ రెండు వేళ్లతో విమానాన్ని ఎత్తాలి. అది సమంగా నిలవాలి, లేదా ముక్కు కొంచెం కిందికి వాలాలి. తోక కిందికి వాలితే బ్యాటరీని ముందుకు జరపాలి. ముక్కు బరువైన విమానం మొద్దుగానైనా ఎగురుతుంది. తోక బరువైనదాన్ని అదుపుచేయడం చాలా కష్టం. మా మొదటి విమానం కూలడానికి యిదొక కారణం.

నేలమీద నేర్చుకున్న పాఠాలు

విమానం సిద్ధమైనా మాస్టారు ఎగరనివ్వలేదు. కంప్యూటరులో సిమ్యులేటరు పెట్టించి, రోజూ అరగంట చొప్పున రెండు వారాలు సాధన చేయించారు. ఎందుకంటే విమానం మననుండి దూరంగా పోతున్నప్పుడు దాని కుడి మన కుడే, కాని మనవైపు వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమ అవుతుంది. కొత్తవారు ఎక్కువగా తికమకపడేది యిక్కడే. దీనికి మాస్టారు చెప్పిన చిట్కా యిది: విమానం నీవైపు వస్తుంటే, ఏ రెక్క కిందికి వంగినట్టు కనబడుతుందో ఆ వైపుకే స్టిక్కు నెట్టు.

మరొకటి కూడా నేర్పారు. విమానం కిందికి జారుతుంటే భయంతో స్టిక్కు వెనక్కు లాగి ముక్కు పైకెత్తబోతాము. అప్పటికే వేగం తగ్గి ఉంటే రెక్క గాలిలో పట్టు కోల్పోతుంది, విమానం రాయిలా పడుతుంది. ముందు ముక్కు కొంచెం దించి వేగం అందుకోనివ్వాలి. అలా సర్దుకోవడానికి వ్యవధి దొరికేంత ఎత్తులోనే కొత్తవారు ఎగరెయ్యాలి.

యింట్లో, పొలంలో జాగ్రత్తలు

ఈ విమానాలు బొమ్మలు కావు. బ్యాటరీ తగిలించిన క్షణం నుండి ప్రొపెల్లరు ఏ క్షణమైనా తిరగవచ్చు, అది వేలిని కోయగలదు. బల్లమీద పని చేసేటప్పుడు ప్రొపెల్లరు ఊడదీయండి. లైపో బ్యాటరీ ఒక్కో సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు ఉంటుంది, 3 వోల్టుల కంటే దిగితే పాడవుతుంది. దానికి తగిన బ్యాలెన్స్ ఛార్జరే వాడాలి. మంట అంటుకోని చోట, పెద్దవాళ్లు కనిపెట్టుకొని ఉండగానే ఛార్జింగ్ పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు.

స్థలం సంగతి అంతకంటే ముఖ్యం. కరెంటు తీగలు, రోడ్లు, యిళ్లు, పని చేసుకునే మనుషులు దగ్గరలో ఉండకూడదు. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారాలు కూడా ప్రమాదమే. మన దేశంలో 2021 డ్రోన్ నియమాలు, వినోదానికో చదువుకో కంటికి కనబడే దూరంలో ఎగురవేసే, 25 కిలోలకు మించని మోడల్ విమానాలను కూడా పేర్కొన్నాయి. ఆకుపచ్చ ప్రాంతాల్లో 400 అడుగుల ఎత్తు వరకు, విమానాశ్రయ సరిహద్దు నుండి 8, 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల వరకు మాత్రమే ఎగరవచ్చు. పసుపు, ఎరుపు ప్రాంతాలకు అనుమతి కావాలి. మీ ఊరు ఏ ప్రాంతంలోకి వస్తుందో, రిజిస్ట్రేషన్ నియమాలేమిటో ముందే చూసుకోండి.

ఆ ఉదయం

మినుము పీకడాలు పూర్తయి చేలన్నీ ఖాళీ అయిన తర్వాత, ఒక రోజు తెల్లవారుజామున మేమంతా పొలానికి వెళ్లాము. ఆకు కదలడం లేదు. మాస్టారు రెండు ట్రాన్స్‌మిటర్లను ఒక తీగతో కలిపారు. ఆయన తన స్విచ్ వదిలిన మరుక్షణం అదుపు ఆయన చేతికి వచ్చేస్తుంది. తోక పలకలు సరైన దిక్కుకు కదులుతున్నాయో లేదో చూశారు. యాంటెన్నా సంకేతం ఎంత దూరం అందుతుందో పరీక్షించారు. అప్పుడు గాలికి ఎదురుగా విమానాన్ని వదిలారు.

మా వాడు ఆ రోజు మూడుసార్లు తడబడ్డాడు. మూడుసార్లూ మాస్టారే అందుకున్నారు. విమానం ఒక్కసారి కూడా పడలేదు. ఒంటరిగా దించగలగడానికి మరో ఆరు వారాలు పట్టింది. అలా మొదటిసారి దించిన రోజు, విమానం గడ్డిలో జారి ఆగగానే వాడు కేకలు వేయలేదు. మౌనంగా వెళ్లి బ్యాటరీ తీసి, ఆ తర్వాతే మావైపు తిరిగి నవ్వాడు. వాడు నేర్చుకున్నది విమానం నడపడం ఒక్కటే కాదని మాకు అప్పుడు తెలిసింది.

మరుసటి సంవత్సరం మళ్లీ మినుము పీకే రోజులు వచ్చాయి. దారిలో ఆ పెద్దామె ఎదురైంది. వాడి చేతిలోని విమానాన్ని ఎగాదిగా చూసి, “ఈసారి నా నెత్తిమీదికి రాదుగా?” అంది.

“రాదు మామ్మా. మీరందరూ యిళ్లకు పోయిన తర్వాతే ఎగరేస్తాను” అన్నాడు మా వాడు. ఆ రోజు పొలంలో పని పొద్దుగూకే దాకా సాగింది. వాడు గట్టుమీద కూర్చొని కనిపెట్టాడు. చీకటి పడింది. విమానం ఎగరకుండానే యింటికి తిరిగి వచ్చాము.