లావెండర్ సెంటు: మనకు హాయి, పక్కవారికి?



కొన్ని సంవత్సరాల క్రితం ఒక ఈస్టర్ ఆదివారం జరిగిన సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాను. ఆ రోజు ఆరాధన ముగియగానే ఇంటికి వెళ్లకుండా నేరుగా ఆసుపత్రికి వచ్చాను. ఒంటిమీద పట్టుచీర, దానిమీద విదేశాల్లో ఉన్న మా చెల్లెలి కూతురు పంపిన లావెండర్ సెంటు. పొద్దున్నే ఒకసారి కొట్టుకున్నాను. మందిరానికి బయలుదేరే ముందు వాసన పోయినట్టనిపించి మళ్లీ కొట్టుకున్నాను.

స్త్రీల వార్డులో ఉబ్బసంతో చేరిన ఒక పెద్దావిడ ఉన్నారు. ఆయాసం తగ్గింది, మర్నాడు ఇంటికి పంపాలనుకుంటున్నాం. ఆమె చేయి పట్టుకొని, వంగి ప్రార్థన చేస్తున్నాను. దగ్గు మొదలైంది. కఫం అనుకొని ఇంకా దగ్గరకు జరిగి వీపు నిమిరాను. దగ్గు ఎక్కువై పిల్లికూతలు వినపడసాగాయి. అప్పుడు ఆమె కూతురు మెల్లగా అన్నది: "సిస్టరమ్మా, ఏమీ అనుకోకండి. మీ సెంటు అమ్మకు పడటం లేదు. కాస్త ఇవతలికి రండి."

డ్యూటీ నర్సు వెంటనే నెబ్యులైజర్ పెట్టింది. కొంతసేపటికి ఆయాసం తగ్గింది. సాయంత్రం మామూలు యూనిఫారంలో వెళ్లి క్షమాపణ అడిగితే ఆ పెద్దావిడ అన్న మాట నేను మరచిపోలేను. "ప్రార్థన చేస్తుంటే వాసన పడలేదని ఎట్లా చెప్పేది తల్లీ?"

నేను లావెండర్ వాడటం మానలేదు. నాకు అది ఇష్టం. కానీ ఎప్పుడు, ఎంత, ఎలా వాడాలో ఆ రోజు నుండి నేర్చుకున్నాను. అదే మీతో పంచుకుంటున్నాను.

లావెండర్ ఎక్కడిది?

లావెండర్ మన తులసి, పుదీనా, మరువం కుటుంబానికి చెందిన మొక్క. లేత ఊదారంగు పూల కంకులు వేస్తుంది. ఫ్రాన్సు దేశంలోని ప్రోవాన్స్ కొండలు దీనికి పేరు పొందాయి. బల్గేరియాలో కూడా విస్తారంగా పండిస్తారు. మన దేశంలో జమ్మూ కాశ్మీర్‌లోని భదర్వా ప్రాంతపు రైతులు సి.ఎస్.ఐ.ఆర్. వారి అరోమా మిషన్ సహాయంతో మొక్కజొన్న వేసిన పొలాల్లో లావెండర్ వేసి మంచి ఆదాయం పొందుతున్నారు. పూల కంకులను ఆవిరిపట్టి నూనె తీస్తారు.

అసలు లావెండర్ నూనె మెత్తని వాసన ఇస్తుంది. లావెండిన్ అనే సంకర జాతి నుండి నూనె ఎక్కువగా, చవకగా వస్తుంది. దానిలో కర్పూరపు ఘాటు ఎక్కువ. సబ్బులలోను, బట్టల పౌడర్లలోను సాధారణంగా వాడేది ఇదే. కొన్ని లావెండర్ సెంట్లు హాయిగా ఉండి, కొన్ని ఘాటుగా ఉండటానికి ఇదొక కారణం.

వాసనను ఎలా ఆస్వాదించాలి?

లండన్‌కు చెందిన యార్డ్లీ కంపెనీ 1873లో ఇంగ్లీష్ లావెండర్ సెంటును తెచ్చింది. ఉతికి ఆరేసిన బట్టల శుభ్రతను గుర్తుచేసే వాసన అది. 1882లో ఫ్రాన్సులో హూబిగాన్ కంపెనీ లావెండర్‌ను ఓక్ చెట్ల మీద పెరిగే ఒక రకం నాచుతోను, ఎండుగడ్డి వాసన వచ్చే కూమరిన్‌తోను కలిపి 'ఫూజేర్ రాయాల్' తయారుచేసింది. పురుషులు వాడే అనేక సెంట్లు, షేవింగ్ లోషన్లు ఆ బాటలో వచ్చినవే. 1934లో కారోన్ కంపెనీ లావెండర్‌కు వెనిల్లా తీపిని జోడించింది. పువ్వు ఒకటే అయినా తోడును బట్టి వాసన మారుతుంది.

కాబట్టి కొట్టులో మూత తీసి వాసన చూడగానే కొనేయకండి. కాగితం ముక్క మీద ఒక్కసారి కొట్టి ఆగండి. మొదట వచ్చేది స్పిరిట్ వాసన. తరువాత లావెండర్ తాజాదనం తెలుస్తుంది. లావెండర్ త్వరగా ఎగిరిపోయే గుణం కలది. రెండు మూడు గంటల తరువాత మిగిలేది అడుగున ఉన్న నాచు, చెక్క, వెనిల్లా వంటి వాసనలు. అవి కూడా నచ్చితేనే కొనండి.

మన ముక్కు చేసే మోసం

ఒకే వాసన ఎడతెగక తగులుతుంటే కొన్ని నిమిషాలకే మన ముక్కు దానికి అలవాటుపడి పట్టించుకోదు. వాసన పోయిందని మనం అనుకుంటాం. ఎదుటివారికి మాత్రం పూర్తిగా తెలుస్తూనే ఉంటుంది. ఈస్టర్ రోజున నేను చేసిన తప్పు ఇదే. నాకు వాసన రాలేదు కనుక రెండవసారి కొట్టుకున్నాను. అందువలన రెండవసారి వేసుకునే ముందు ఇంట్లో ఎవరినైనా అడగండి.

వాడే పద్ధతి

మణికట్టు మీద, మెడ పక్కన ఒకటి రెండు సార్లు చాలు. జానెడు దూరం నుండి కొట్టుకోవాలి. దద్దుర్లు, గాయం ఉన్నచోట, చంకలో షేవింగ్ చేసిన వెంటనే వేయకూడదు. కొత్త సెంటును ముందుగా మోచేతి మడత దగ్గర కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే మానేయండి.

లావెండర్‌లోని లినలూల్ అనే పదార్థం గాలి తగిలి పాతబడితే చర్మానికి అలర్జీ కలిగించగలదు. సహజమైనది కదా, ఏమీ చేయదు అనుకోవద్దు. సీసా మూత గట్టిగా పెట్టి, ఎండ తగలని చల్లని చోట, పిల్లలకు అందకుండా ఉంచండి. వాసన మారితే పారవేయండి. సెంటులో స్పిరిట్ ఉంటుంది కనుక పొయ్యి దగ్గర, కొవ్వొత్తి దగ్గర కొట్టుకోకూడదు.

లావెండర్ వాసన చూస్తే నిద్ర వస్తుందా అని చాలామంది అడుగుతారు. ఆందోళన కొంత తగ్గి, నిద్రకు కొంత సహాయపడవచ్చని కొన్ని చిన్న పరిశోధనలు తెలిపాయి. అయితే అది మందుకు బదులు కాదు. ఫ్రాన్సుకు చెందిన గాట్‌ఫోసే అనే రసాయన శాస్త్రవేత్త తన కాలిన గాయాలకు లావెండర్ నూనె వాడి, 1937లో అరోమాథెరపీ గురించి పుస్తకం వ్రాశారు. అది విని కాలినచోట నూనె పోయకండి. కాలిన వెంటనే 20 నిమిషాలు చల్లని నీటి ధార పట్టి ఆసుపత్రికి రండి. లావెండర్ నూనెను లోపలికి తాగించడం, పసిపిల్లలకు పూయడం కూడా చేయరాదు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు

రోగిని చూడటానికి వచ్చే రోజు దయచేసి సెంటు, అత్తరు, బాడీ స్ప్రే ఏదీ వేసుకోకండి. ఉబ్బసం, సి.ఓ.పి.డి. ఉన్నవారికి ఆయాసం రావచ్చు. వేవిళ్లతో ఉన్న గర్భిణికి, కీమోథెరపీ తీసుకుంటున్నవారికి వాంతి రావచ్చు. మైగ్రేన్ ఉన్నవారికి తలనొప్పి మొదలవుతుంది. వారు మంచం మీద ఉన్నారు, లేచి పక్కకు వెళ్లలేరు. పైగా చూడవచ్చిన బంధువును నొప్పించలేక నోరు విప్పరు. ఆక్సిజన్ పెట్టిన మంచం దగ్గర ఏ స్ప్రే కూడా కొట్టరాదు, నిప్పు ప్రమాదం ఉంది. మా నర్సులు డ్యూటీలో సెంటు వాడకూడదని మేము చెప్పేది కూడా ఇందుకే.

మందిరంలోనూ, బస్సులోనూ ఇదే ఆలోచన పెట్టుకోండి. పక్కన కూర్చున్నవారు దగ్గుతుంటే నొచ్చుకోక కాస్త దూరం జరగండి. "మీకు ఈ వాసన పడుతుందా అమ్మా?" అని అడిగితే చాలు, వారు ధైర్యంగా చెబుతారు. రోగులకు కూడా నా మనవి: పడకపోతే మొహమాటపడకండి. డాక్టరుగారికైనా, పాస్టరుగారికైనా, నాకైనా చెప్పండి.

యోహాను సువార్త 12వ అధ్యాయంలో బేతనియ మరియ సుమారు ఒక ఏడాది కూలి విలువచేసే జటామాంసి అత్తరును ప్రభువు పాదాలకు పూసినప్పుడు ఇల్లంతా సువాసనతో నిండినదని చదువుతాము. జటామాంసి మన హిమాలయాల్లో పెరిగే మొక్కే. ఆమె ఆ అత్తరు తనకోసం వాడుకోలేదు. మనం వేసుకునే సెంటు కూడా మనకంటే ఎక్కువగా పక్కవారికే చేరుతుంది. వారికి అది మేలుగా ఉండేలా చూసుకుందాం.

ఆ పెద్దావిడ ఇప్పటికీ చెకప్‌కు వస్తుంటారు. నన్ను చూడగానే నవ్వి, "ఈ రోజు సెంటు లేదు కదా సిస్టరమ్మా?" అని అడిగి, తరువాతే చేయి అందిస్తారు.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను ఆశీర్వదించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్