‘రుసుము లేదు’ అనే మాట వెనుక దాగిన ఖర్చు

పావగడ తాలూకా పాలనాపరంగా తుమకూరు జిల్లాలో ఉన్నా, దానికి మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేలే ఉంది. వెంకటమ్మనహళ్లి వంటి గ్రామాల్లో బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు వినిపించడం సహజం. వానను నమ్ముకున్న వేరుశెనగ సాగు, వెంటవెంటనే వచ్చే కరవులు ఈ ప్రాంతం నుండి ఎందరినో బెంగళూరుకు పంపాయి. సరిహద్దుకు అవతల కదిరి, రాయచోటి, కడప ప్రాంతాల నుండి కువైట్, సౌదీ అరేబియా, దుబాయి వంటి చోట్లకు వెళ్లినవారు దశాబ్దాలుగా పెద్ద సంఖ్యలో ఉన్నారు. బంధుత్వాలకు రాష్ట్రాల హద్దు అడ్డు కాదు. అందువల్ల అక్కడి సంపాదన ఎవరి ఇంటికి చేరినా, దాని మంచిచెడ్డలు ఇరువైపుల కుటుంబాలకూ తెలియవలసినవే.

ఒకప్పుడు ఆ డబ్బు డ్రాఫ్టు రూపంలో తపాలాలో వచ్చేది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో నాలుగు మీటలు నొక్కితే నిమిషాల్లో ఖాతాలో పడుతుంది. వేగం పెరిగింది. అయితే పంపినవారు కష్టపడిన సొమ్ములో ఎంత భాగం ఇంటికి చేరుతున్నదన్న ప్రశ్నకు చాలా కుటుంబాల వద్ద సరైన సమాధానం ఉండదు. ఎందుకంటే ఖర్చులో పెద్ద భాగం రసీదులో ‘ఖర్చు’ అన్న పేరుతో కనిపించదు. అది మారకపు రేటులో కలిసిపోయి ఉంటుంది.

తూకంలో తరుగు వంటిదే

వేరుశెనగ అమ్మే రైతుకు ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. ‘నా దగ్గర కమీషన్ లేదు’ అని చెప్పే వ్యాపారి చళ్లకెరె మార్కెట్ ధర కన్నా క్వింటాలుకు వంద రూపాయలు తగ్గించి కొన్నా, మూటకు కొంత తరుగు తీసినా, రైతు చేతికి వచ్చేది తగ్గుతుంది. కమీషన్ అన్న మాట వినిపించలేదు గాని, కమీషన్ ముట్టింది.

డబ్బు పంపే సంస్థలకూ రెండు రాబడులు ఉంటాయి. మొదటిది బహిరంగంగా చెప్పే రుసుము. రెండవది, బజారులోని అసలు రేటుకూ తాము ఖాతాదారుకు ఇచ్చే రేటుకూ మధ్య మిగుల్చుకునే తేడా. ‘ఉచితంగా పంపండి’ అనే ప్రకటన సాధారణంగా మొదటి దాని గురించి మాత్రమే మాట్లాడుతుంది.

అసలు రేటు ఏది?

బ్యాంకులు ఒక కరెన్సీని కొనే ధర ఒకటి, అమ్మే ధర మరొకటి. ఈ రెండింటికీ నడిమిన ఉండేదే మధ్య రేటు. పత్రికల్లోనూ, ఇంటర్నెట్ వెతుకులాటలోనూ కనిపించే రేటు చాలావరకు ఇదే. ఈ రేటుకు సామాన్యునికి డబ్బు దొరకడం అరుదు. కాని ఎవరు ఎంత మిగుల్చుకుంటున్నారో కొలవడానికి ఇదే సరైన కొలబద్ద.

గల్ఫ్ దేశాల విషయంలో ఒక సౌలభ్యం ఉంది. సౌదీ రియాల్ 1986 నుండి డాలరుకు 3.75 చొప్పున, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దిర్హామ్ 1997 నుండి డాలరుకు 3.6725 చొప్పున స్థిరంగా ఉన్నాయి. కనుక ఆనాటి డాలరు రేటును 3.6725తో భాగిస్తే దిర్హామ్ మధ్య రేటు వస్తుంది. ఉదాహరణకు డాలరు 88 రూపాయలైతే దిర్హామ్ సుమారు 23.96 రూపాయలు. కువైట్ దినార్ మాత్రం 2007 నుండి పలు దేశాల కరెన్సీల సముదాయంతో ముడిపడి ఉంది. దాని రేటును విడిగా చూసుకోవాలి.

కువైట్‌లో మరొక మెలిక ఉంది. కొన్ని కౌంటర్లలో ‘దినారుకు ఇన్ని రూపాయలు’ అని కాక, ‘వెయ్యి రూపాయలకు ఇన్ని దినార్లు’ అని రాస్తారు. అలాంటప్పుడు పంపేవారికి చిన్న అంకె మేలు. దినార్ విలువ ఎక్కువ కాబట్టి అక్కడ దశాంశ బిందువు తరువాతి మూడవ అంకె కూడా ఇక్కడ రూపాయల్లో తేడా చూపుతుంది.

ఒక లెక్క

లెక్క సులభంగా ఉండటానికి దిర్హామ్ మధ్య రేటు 24 రూపాయలు అనుకుందాం. ఇంటికి 1,250 దిర్హామ్‌లు పంపాలి. మధ్య రేటు ప్రకారం దాని విలువ 30,000 రూపాయలు.

మొదటి సంస్థ రుసుము లేదంటుంది, 23.50 రేటు ఇస్తుంది. ఇంటికి చేరేది 29,375 రూపాయలు. రెండవ సంస్థ 15 దిర్హామ్‌ల రుసుము తీసుకొని 23.95 రేటు ఇస్తుంది. మిగిలిన 1,235 దిర్హామ్‌లకు ఇంటికి చేరేది 29,578 రూపాయలు. రుసుము తీసుకున్న సంస్థ ద్వారానే 203 రూపాయలు ఎక్కువ వచ్చాయి. ‘ఉచిత’ సేవకు అయిన అసలు ఖర్చు 625 రూపాయలు, అంటే రెండు శాతానికి పైగా.

అయితే రుసుము ఉన్న సేవే ఎప్పుడూ మేలని అనుకోవడం కూడా పొరపాటు. అదే రేట్లతో 300 దిర్హామ్‌లు మాత్రమే పంపితే, మొదటి సంస్థ ద్వారా 7,050 రూపాయలు, రెండవ సంస్థ ద్వారా 6,826 రూపాయలు చేరతాయి. ఈ ఉదాహరణలో సుమారు 800 దిర్హామ్‌ల వద్ద రెండూ సమానమవుతాయి. అంతకు తక్కువైతే రుసుము బరువు, ఎక్కువైతే రేటు బరువు. 1,250 దిర్హామ్‌లను రెండు భాగాలుగా రెండవ సంస్థ ద్వారా పంపితే రుసుము రెండుసార్లు పడి 359 రూపాయలు అదనంగా పోతాయి. నెలలో రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా పంపే అలవాటు ఉన్నవారు ఈ సంగతి గమనించాలి.

రెండుసార్లు మారే డబ్బు

ఇప్పుడు ఊరిలో ఉంటూనే విదేశీ సంస్థలకు కంప్యూటర్ పని చేసి డబ్బు తీసుకునే యువతీయువకులు ఉన్నారు. వారిలో అనేకులకు తెలిసిన పేరు పేపాల్. ఈ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి భారతదేశంలో అంతర్గత చెల్లింపులను నిలిపివేసింది. విదేశాల నుండి వచ్చే వ్యాపార చెల్లింపులు మాత్రం కొనసాగుతున్నాయి. చెల్లింపు అందుకున్నందుకు ఒక రుసుము ఉంటుంది. డాలర్లను రూపాయలుగా మార్చేటప్పుడు మూల రేటుపై మరికొంత మిగులు ఉంటుందని దాని నిబంధనల్లోనే కనిపిస్తుంది. ఆ మిగులు 3 శాతం అనుకుంటే 500 డాలర్లలో 15 డాలర్లు రేటులోనే కరిగిపోతాయి. పని ఇచ్చేవారితో ధర మాట్లాడుకునేటప్పుడే ఈ రెండు కోతలనూ లెక్కలో వేసుకోవడం వివేకం.

పౌండ్లు డాలర్లుగా, ఆ డాలర్లు మళ్లీ రూపాయలుగా మారితే మిగులు రెండుసార్లు పోతుంది. విదేశంలో మన కార్డు గీసినప్పుడు ‘రూపాయల్లో చెల్లిస్తారా?’ అని యంత్రం అడుగుతుంది. అవునంటే ఆ దుకాణం తరఫు సంస్థ తన రేటు వేస్తుంది. చాలా సందర్భాల్లో అక్కడి కరెన్సీలోనే చెల్లించడం చవక. శని, ఆదివారాల్లో విదేశీ మారకపు బజారు మూసి ఉంటుంది కాబట్టి, సోమవారం రేటు ఎటు పోతుందోనన్న జాగ్రత్తతో కొన్ని సంస్థలు ఆ రోజుల్లో మిగులు పెంచుతాయి. కొత్త ఖాతాదారులకు తొలిసారి ఇచ్చే ఆకర్షణీయమైన రేటు రెండవసారికి ఉండకపోవచ్చు.

దారిలోనూ, చేరిన చోటా కోతలు

బ్యాంకు నుండి బ్యాంకుకు విదేశీ కరెన్సీగానే పంపినప్పుడు నడుమ ఉన్న మరొక బ్యాంకు తన రుసుమును అసలు మొత్తంలోంచే మినహాయించుకోవచ్చు. ఇక్కడి బ్యాంకు దానిని రూపాయలుగా మారిస్తే, ఆ మార్పిడి సేవపై జీఎస్టీ పడుతుంది. లక్ష రూపాయల వరకు అది మొత్తంలో 0.18 శాతం, కనీసం 45 రూపాయలు. ఇది చిన్నదే. రేటులోని మిగులుతో పోల్చితే చాలా చిన్నది. కాని రసీదులో కనిపించేది ఇదే కావడంతో, కుటుంబాలు దీనిని చూసి నొచ్చుకొని, కనిపించని పెద్ద కోతను వదిలేస్తుంటాయి.

ఖాతా వివరాల్లో తప్పు దొర్లితే నష్టం ఇంకా పెద్దది. డబ్బు తిరిగి వెళ్లి మళ్లీ దిర్హామ్‌లుగా మారితే రెండువైపులా మార్పిడి నష్టం పడవచ్చు. సరిహద్దు గ్రామాల్లో ఇందుకు అవకాశం ఎక్కువ. ఒకరి ఆధార్‌లో పేరు కన్నడ ఉచ్చారణ ప్రకారం, పాసుపుస్తకంలో తెలుగు ఉచ్చారణ ప్రకారం ఉండవచ్చు. 2025 మే 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా, కర్ణాటకలోని రెండు కర్ణాటక గ్రామీణ బ్యాంకుగా ఏకమయ్యాయి. ఈ బ్యాంకుల్లో ఖాతా ఉన్నవారు ప్రస్తుత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ను శాఖలో సరిచూసుకొని, దానినే విదేశంలోని తమవారికి పంపాలి.

నియమాలు ఏమంటున్నాయి?

ఇది ఒక్క ఊరి సమస్య కాదు. ప్రపంచ బ్యాంకు 2023 చివరి త్రైమాసికంలో లెక్కించిన ప్రకారం 200 డాలర్లు సరిహద్దులు దాటించడానికి ప్రపంచ సగటు ఖర్చు 6.4 శాతం. ఈ లెక్కలో రుసుముతో పాటు రేటులోని మిగులునూ కలుపుతారు. 2030 నాటికి దీనిని 3 శాతం కన్నా తగ్గించాలన్నది ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి.

అమెరికాలో 2013 నుండి, డబ్బు పంపే ముందే రుసుము, రేటు, చేరే మొత్తం మూడింటినీ వినియోగదారుకు చూపాలన్న నిబంధన ఉంది. 2026 జనవరి 1 నుండి అక్కడ నగదు, మనీ ఆర్డరు వంటి వాటి ద్వారా పంపే సొమ్ముపై 1 శాతం పన్ను మొదలైంది. బ్యాంకు ఖాతా నుండి పంపేవారికి అది వర్తించదు. సింగపూర్‌లోని పేనౌ వ్యవస్థను మన యూపీఐతో 2023 ఫిబ్రవరి 21న అనుసంధానించారు. ఇటువంటి దారులు పెరిగిన కొద్దీ నడుమ ఉండే చేతులు తగ్గుతాయి. అయితే మారకపు రేటు మాత్రం అక్కడా చూసుకోవలసిందే.

ఏజెంటు కౌంటరులో నగదు తీసుకునేవారికి రిజర్వు బ్యాంకు పథకం కింద పరిమితులు ఉన్నాయి. ఒక్కసారికి 2,500 డాలర్లు, ఒకే వ్యక్తికి ఏడాదికి 30 సార్లు మించరాదు. 50,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వరు. మంచి రేటు ఇస్తామని చెప్పే హవాలా మార్గం 1999 నాటి ఫెమా చట్టానికి విరుద్ధం. అక్కడ రసీదు ఉండదు, డబ్బు పోతే అడిగే దారీ ఉండదు.

ఇంట్లో వేసుకోవలసిన లెక్క

పంపేవారిని అడగవలసిన ప్రశ్న ‘రుసుము ఎంత?’ అన్నది కాదు. ‘నీ జేబులోంచి మొత్తం ఎంత పోయింది, ఇక్కడ ఖాతాలో ఎన్ని రూపాయలు పడ్డాయి?’ అన్నది. ఖాతాలో పడిన రూపాయలను జేబులోంచి పోయిన దిర్హామ్‌లతో భాగిస్తే నిజంగా దక్కిన రేటు తేలుతుంది. దానిని ఆనాటి మధ్య రేటుతో పోల్చితే తరుగు ఎంతో తెలుస్తుంది. ఈ లెక్కకు ఐదవ తరగతి భాగహారం చాలు. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలు చేయగలరు. ప్రతి నెలా తేదీ, పంపిన మొత్తం, చేరిన మొత్తం, సంస్థ పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే మూడు నెలల్లోనే ఏది మేలో స్పష్టమవుతుంది. పంపేవారు ఒకే రోజు, ఒకే గంటలో రెండు మూడు సంస్థల రేట్లు చూడటం అవసరం. వేర్వేరు రోజుల రేట్లను పోల్చితే బజారు ఎత్తుపల్లాలు సంస్థ మిగులుగా కనిపించి మోసపుచ్చుతాయి.

నెలకు 30,000 రూపాయలు అందుకునే ఇంటికి రెండు శాతం అంటే 600 రూపాయలు, ఏడాదికి 7,200 రూపాయలు. వీసా కోసం నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి తెచ్చిన లక్ష రూపాయల అప్పు మీద మూడున్నర నెలల వడ్డీ కన్నా ఇది ఎక్కువ. ఎండలో నిలబడి సంపాదించిన ఆ సొమ్ము ఎవరూ దొంగిలించకుండానే, ఎవరూ అడగకుండానే తరిగిపోతున్నది. దానిని ఆపడానికి కావలసినది పెద్ద చదువు కాదు. పంపేముందు రేటును ఒక్కసారి సరిచూసే అలవాటు చాలు.