నాలుగు చక్రాల పట్టు వదలని పాలబండి

వానకాలంలో కొండవాలు గ్రామాల నుండి పాలు తెచ్చే జీపులు, పికప్ బండ్లు బురద దారిలో ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకోక తప్పదు. చిక్కు వచ్చేది బురద దాటి తారురోడ్డు ఎక్కిన తరువాత. లివరు తిరిగి టూ వీల్‌కు రాదు. డ్రైవరు రెండు చేతులతో లాగుతాడు, కాలితో తంతాడు, చివరకు క్లీనరును సుత్తి తెమ్మంటాడు. ఉదయం పితికిన పాలు అంతసేపూ క్యాన్లలో ఎండకు ఉంటాయి. పితికిన రెండు మూడు గంటల్లో పాలు శీతలీకరణ కేంద్రం చేరి 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడాలి. ఆలస్యమై, కేంద్రంలో కాచి చూసే పరీక్షలో పాలు విరిగితే ఆ పూట నష్టం డ్రైవరు ఒక్కనిది కాదు. ఆ క్యానులో పాలు పోసిన సభ్యులందరిదీ. అందువల్ల స్టీరింగు పట్టని సభ్యులకు కూడా ఈ సంగతి తెలిసి ఉండాలని వివరిస్తున్నాము.

ముందుగా చెప్పవలసినది: లివరు రానంత మాత్రాన ఏదో విరిగిందని అనుకోరాదు. చాలాసార్లు విరిగింది ఏమీ ఉండదు. సుత్తి పడిన తరువాతనే విరుగుతుంది.

ఈ బండ్లలో గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరొక పెట్టె ఉంటుంది. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు పోయే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు దాని నుండే బయలుదేరుతాయి. లివరు 2హెచ్‌లో ఉన్నప్పుడు ఇంజను శక్తి వెనుక చక్రాలకే పోతుంది. 4హెచ్‌లో వేసినప్పుడు లోపల ఒక పళ్ళ తొడుగు జరిగి రెండు షాఫ్టులనూ ఒకటిగా బిగిస్తుంది. 4ఎల్‌లో కూడా అంతే, కాకపోతే వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. 1941లో సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపు నాటి నుండి ఈ పద్ధతే వస్తున్నది. ఎల్లవేళలా నాలుగు చక్రాలతోనే నడిచే కార్లు వేరు. వాటిలో ముందు వెనుకల తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో మరొకటి ఉంటుంది. మన పాలబండ్లలో అది లేదు.

అది లేకపోతే ఏమవుతుందో కళ్లం తొక్కించిన వారికి వేరే చెప్పనక్కరలేదు. గుంజ దగ్గరి ఎద్దు నాలుగు అడుగులు వేసేలోపల బంతి చివరి ఎద్దు పరుగు తీయాలి. మలుపు తిరిగే బండిలో ముందు చక్రాలు ఎప్పుడూ బయటి దారిన పోతాయి. ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు ఉన్న బండి, వెనుక ఇరుసు నడిమికి 6 మీటర్ల వ్యాసార్థంతో ఒక పూర్తి చుట్టు తిరిగిందనుకోండి. వెనుక ఇరుసు నడిచేది సుమారు 37.7 మీటర్లు, ముందు ఇరుసు నడిచేది 40.6 మీటర్లు. దాదాపు 3 మీటర్ల తేడా. అంటే ముందు చక్రాలు వెనుకవాటి కంటె ఒక చుట్టుకు పైగా ఎక్కువ తిరగాలి. షాఫ్టులు రెండూ బిగిసి ఉన్నప్పుడు తిరగడం ఎట్లా? బురదలో అయితే చక్రం కాస్త జారి లెక్క సరిపోతుంది. తారురోడ్డు మీద టైరు జారదు. ఆ తేడా షాఫ్టులలో మెలిగా చేరుతుంది, పగ్గాన్ని రెండు కొసలా పట్టి మెలిపెట్టినట్లు. ఘాటు రోడ్డులో రెండు మలుపులు తిరిగేసరికి ఆ మెలి పళ్ళ తొడుగును నొక్కి పట్టి ఉంచుతుంది. దానిని చేతి బలంతో జరపడం కష్టం.

గుంజకు కట్టిన పశువు తాడును గుంజి పట్టి ఉండగా ముడి విప్పబోతే గోళ్ళు ఊడతాయి గాని ముడి రాదు. పశువును ఒక అడుగు గుంజ వైపు తోలితే తాడు వదులవుతుంది, ముడి దానంతట అదే వస్తుంది. బండికి చేయవలసినదీ ఇదే. 4ఎల్‌లో ఉంటే బండిని పూర్తిగా ఆపి, క్లచ్చి తొక్కి, ముందు 4హెచ్‌కు తేవాలి. తరువాత రివర్సు వేసి, వచ్చిన జాడలోనే పది పదిహేను అడుగులు నెమ్మదిగా వెనక్కి పోవాలి. పోతూ ఉండగా లివరు మీద 2హెచ్ వైపు తేలికగా చేయి ఆనించి, ఒక్కక్షణం క్లచ్చి తొక్కితే లివరు జారి వస్తుంది. రాకపోతే రోడ్డు పక్క గట్టి మట్టి అంచు ఉన్నచోట, లోయ వైపు కాకుండా, ఒక పక్క చక్రాలను కంకర మీదకు దింపి నిదానంగా నడపాలి. చక్రాలు జారినప్పుడు మెలి పోతుంది.

ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపడం ఆఖరి ఉపాయం. క్యాన్లు దింపి, చదునైన చోట ఇంజను ఆపి, మిగతా మూడు చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టిన తరువాతనే ఆ పని చేయాలి. మెలి విడినప్పుడు లేచిన చక్రం ఒక్కసారిగా తిరుగుతుంది. దాని దగ్గర చేయి గాని, బండి కింద మనిషి గాని ఉండరాదు.

ఇక్కడే మరొక ప్రమాదం గురించి హెచ్చరిస్తున్నాము. ట్రాన్స్‌ఫర్ లివరులో 4హెచ్‌కు 4ఎల్‌కు నడుమ చాలా బండ్లలో న్యూట్రల్ ఉంటుంది. లివరు అక్కడ నిలిచిపోతే, మొదటి గేరులో పెట్టి ఆపిన బండి కూడా వాలులో దొర్లిపోతుంది. గేరు పట్టు చక్రాల వరకు చేరదు. లివరుతో కుస్తీ పట్టేటప్పుడు హ్యాండ్ బ్రేకుతో పాటు చక్రాలకు రాళ్ళు తప్పనిసరి.

ఇప్పుడు జబ్బును గుర్తుపట్టే సంగతి. వెనక్కి పోగానే లివరు వచ్చిందంటే పెట్టె బాగానే ఉన్నది. ఏదో గరాజులో పెట్టె విప్పాలంటే ఒప్పుకోవలసిన పని లేదు. తారు మీద ఫోర్ వీల్‌లో నడిపారా అని డ్రైవరును అడగండి, ఆపైన టైర్లు చూడండి. ఖర్చు తగ్గుతుందని వెనుక రెండు కొత్తవి వేసి, ముందు అరిగినవి ఉంచడం మన సంఘాలలో మామూలే. వ్యాసంలో ఒక సెంటీమీటరు తేడా ఉంటే చుట్టుకు సుమారు 3 సెంటీమీటర్లు. కిలోమీటరుకు చక్రం దాదాపు 450 చుట్లు తిరుగుతుంది కనుక, తిన్నని రోడ్డు మీద కూడా 14 మీటర్ల తేడా చేరుతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. గాలి కూడా పుస్తకంలో చెప్పినంతే పట్టించాలి.

తడిమట్టిలోనూ, చక్రం లేపినా కూడా లివరు రాకపోతే అప్పుడు మెకానిక్కు పని. లివరు కింది కడ్డీలు, బుష్షులు తుప్పు పట్టడం మొదట చూడవలసినది. క్యాన్లు కడిగిన నీరు, వాగు నీరు అక్కడ చేరుతుంది. అవి శుభ్రంగా ఉంటే లోపలి ఫోర్కు వంగిందేమో చూడాలి.

లివరు వచ్చినా దీపం ఆరలేదని కంగారు పడేవారు ఉన్నారు. దీపం స్విచ్చి బురదకు పాడవుతుంది, దానిని నమ్మి తీర్పు చెప్పలేము. చదును నేల మీద నెమ్మదిగా పూర్తి మలుపు తిప్పి చూడండి. స్టీరింగు బరువెక్కి, ఎవరో బ్రేకు పట్టినట్లు బండి మొరాయిస్తే ఇంకా పట్టు ఉన్నట్లే. ముందు చక్రాల మీద చేతితో తిప్పే హబ్బులు ఉన్న బండ్లలో లివరు వచ్చిన తరువాత వాటిని కూడా విడుపు గుర్తుకు తిప్పాలి. లివరు బదులు బటను ఉన్న కొత్త బండ్లలో ముందు ఫ్యూజు, బ్యాటరీ, ట్రాన్స్‌ఫర్ కేసు మీది మోటారు వైరు చూడండి. ఏ వేగంలో, ఏ గేరులో బటను నొక్కాలో పుస్తకంలో ఉంటుంది.

దారిలో ఎంతసేపు ప్రయత్నించాలి? ఇరవై నిమిషాలు చాలునని మా అభిప్రాయం. అప్పటికీ రాకపోతే క్యాన్లను నీడకు చేర్చి తడి గోనెలు కప్పి, శీతలీకరణ కేంద్రానికి కబురు చేసి మరొక బండి తెప్పించండి. బిగిసిన బండితో ఘాటు దిగడం మాత్రం వద్దు. మలుపులో ముందు చక్రాలు తిరగవలసినంత తిరగక బండి బయటి అంచుకు తోసుకుపోతుంది.

ఎండకాలమంతా లివరు ముట్టకుండా ఉంచిన బండే తొలకరిలో ఎక్కువగా మొరాయిస్తుంది. నెలకొకసారి మట్టిబాటలో 4హెచ్ వేసి కొంతదూరం నడిపి తీయించండి. ట్రాన్స్‌ఫర్ కేసు నూనె మట్టం ఆ రోజే చూడాలి. కొన్నింటికి గేరు నూనె, కొన్నింటికి పల్చని నూనె వాడాలి. కార్యదర్శులు తమ బండికి ఏది వాడాలో పుస్తకం చూసి లాగుబుక్కు మొదటి పేజీలో రాసి ఉంచితే, డ్రైవరు మారినప్పుడు కొత్త మనిషి ఎవరినీ అడగనక్కరలేదు.