గుడ్డు అందరికీ అందాలంటే

లెక్కల్లో మనం దగ్గరి పదికి సవరించడం నేర్చుకున్నాం. 124ను 120 అంటాం, 126ను 130 అంటాం. కానీ అన్ని చోట్లా ఇది పనికిరాదు. ఎందుకో చూద్దాం.

ఒక హాస్టల్లో 124 మంది ఉన్నారనుకోండి. మనిషికో గుడ్డు. గుడ్లు ట్రేల లెక్కన వస్తాయి, ట్రేకి 30. 124ను 30తో భాగిస్తే భాగఫలం 4, శేషం 4. దగ్గరి సంఖ్యే కదా అని 4 ట్రేలు తెస్తే వరసలో చివర నిలబడ్డ నలుగురికి గుడ్డు ఉండదు. కాబట్టి ఇక్కడ శేషం ఒక్కటి మిగిలినా పైకే సవరించాలి. 5 ట్రేలు తేవాలి, అంటే 150 గుడ్లు.

ఇదే పని కంప్యూటరు చేత చేయించాలంటే ఎలా? ప్రోగ్రాముల్లో పూర్ణసంఖ్యల భాగహారం అని ఒకటుంది. అది భాగఫలాన్ని ఉంచుకుని శేషాన్ని వదిలేస్తుంది. అంటే మన గుడ్ల లెక్కను కిందికే తెస్తుంది. అందుకే భాగించే ముందు ట్రే కంటే ఒకటి తక్కువ, అంటే 29 కలపాలి.

124 + 29 = 153
153 ÷ 30 = 5 (శేషం వదిలేశాం)
5 × 30 = 150

మరి 30 ఎందుకు కలపకూడదు? 120 మందే ఉంటే 4 ట్రేలు చాలు. 30 కలిపితే 150 అయ్యి 5 ట్రేలు వస్తాయి, ఒక ట్రే దండగ. 29 కలిపితే 149, భాగఫలం 4. అదే 121 మందైతే 150, భాగఫలం 5. ఒక్కరు పెరిగినా కొత్త ట్రే వస్తుంది, పెరగకపోతే రాదు.

ట్రే బదులు 50 కిలోల బియ్యం బస్తా అయితే 49 కలపాలి. కంప్యూటరు తన సొంత పనికి కూడా ఇలాగే చేసుకుంటుంది. డిస్కులో చోటును తరచుగా 4096 బైట్ల గడులుగా పంచుతారు. అప్పుడు 5000 బైట్ల ఫైలుకు రెండు గడులు, అంటే 8192 బైట్లు పడుతుంది.

అయితే ఎటు సవరించాలో కంప్యూటరుకు తెలీదు. సంతలో చింతపండు 7 కిలోల 800 గ్రాములు తూగితే 7 అని రాసేసేవాళ్ళు ఉంటారు. అదీ సవరించడమే. కిందికి సవరిస్తే ఎవరికి నష్టం, పైకి సవరిస్తే ఎవరికి మేలు అన్నది ప్రోగ్రాము రాసే మనమే ఆలోచించాలి.

మన హాస్టలు సంఖ్యతో మీరూ వేసి చూడండి. ఎన్ని ట్రేలు వచ్చాయి?